యాక్టివా ముందు పట్టే రంపం

పోయిన నెల ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. కబోర్డుల పని వదిలేసి ఉడెన్ ఫ్లోరింగ్‌లోకి దిగుతున్నాడట, స్లైడింగ్ మైటర్ సా (బ్లేడున్న తల ముందుకీ వెనక్కీ జరుగుతూ పలకల్ని అడ్డంగా కోసే కరెంటు రంపం) కొనాలి, ఏది కొనమంటావన్నా అని. నేను అడిగిన మొదటి ప్రశ్న: "నీకు బండేముంది?" ఎగతాళి చేస్తున్నాననుకున్నాడో ఏమో, కాసేపు మాట్లాడలేదు. చివరికి "యాక్టివా ఉందన్నా" అన్నాడు. "అయితే సగం తేలిపోయింది, యాక్టివా మీద కాళ్ల దగ్గర పట్టేదే కొను" అన్నాను.

ఫోన్ పెట్టేశాక ఆలోచిస్తే, తొందరలో అన్నా సరిగ్గానే చెప్పాననిపించింది. ఎందుకో ఫోన్లో చెప్పలేదు కాబట్టి ఇక్కడ చెబుతున్నా.

నా మొదటి మైటర్ సా పన్నెండు అంగుళాల బ్లేడ్‌ది. రాణిగంజ్‌లో కొత్తవి చూసి, ధరలు విని, మజ్జిగ తాగి వెనక్కి వచ్చిన వారంలోనే ఎవరో పని మానేస్తూ తన మిషన్ అమ్ముతున్నాడని తెలిసింది. వెళ్లి ఎత్తి చూస్తే నడుం కలుక్కుమంది. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు సంతోషమే వేసింది. బరువుంటేనే సరుకు గట్టిదని మనకు చిన్నప్పటి నుంచీ ఒక నమ్మకం, ఇత్తడి బిందె నుంచి గ్యాస్ స్టవ్ దాకా ఎత్తి చూసి కానీ బేరం మొదలుపెట్టం. బేరమాడి, డబ్బులిచ్చి, ట్రాలీ ఆటోలో ఇంటికి తెచ్చుకున్నాను. ఆ ఆటో కిరాయి ఆ ఒక్కరోజుతో పోయేది కాదని, ఆ తర్వాత ప్రతి సైటుకీ కట్టాల్సిందేనని ఆ రోజు తట్టలేదు.

పెద్ద మిషన్ల బరువు ఎంతో అంకెల్లో చెబితే బోధపడదు కాబట్టి బియ్యంతో పోలుస్తా. మకిటా పదంగుళాల స్లైడింగ్ మోడల్ ఎల్ఎస్ 1019ఎల్ బరువు 26.3 కిలోలు, అంటే సరిగ్గా ఇప్పటి బియ్యం బస్తా. (పాతిక కిలోల బస్తా ఇరవయ్యారు ఎందుకయిందో గుర్తుందిగా, 2022 జులైలో 25 కిలోల దాకా ఉన్న ప్యాకెట్ల మీద జీఎస్టీ పడ్డాక ఒక కిలో ఎక్కువ పోసి తప్పించుకున్నారు.) బాష్ జీసీఎమ్ 12 జీడీఎల్ అయితే 32 కిలోలు. కానీ బస్తాను భుజానేసుకోవచ్చు, బస్తా మన ఒంటికి తగ్గట్టు ఒదుగుతుంది. మిషన్ ఒదగదు. ఏదో ఒక కొస పొడుచుకొచ్చి గోడకు గీరుకుంటుంది, గోడకేమో నిన్ననే పుట్టీ పెట్టి ఉంటారు, లాక్ పిన్ను సరిగ్గా పడకపోతే తల ముందుకు జారి మోకాలికి తగులుతుంది, వైరు జారి మెట్ల మీద కాళ్లకు అడ్డం పడుతుంది.

కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్, ఐదో అంతస్తు. లిఫ్ట్ లోపల కొత్తగా స్టీల్ షీట్లు వేయించారట, పనివాళ్ల సామాను పెట్టనివ్వం, అసోసియేషన్ రూల్ అన్నాడు వాచ్‌మన్. నేనూ మా బావమరిదీ చెరో పక్కా పట్టుకుని మెట్లెక్కాం. మూడో అంతస్తులో దింపి ఊపిరి తీసుకుంటుంటే ఒక పెద్దావిడ తలుపు తీసి, ఆ మిషన్ని చూసి, "ఏం బాబూ, చెట్లు కొడతారా ఇక్కడ?" అంది. ఆవిడ వేళాకోళానికే అన్నా, నాకు సూటిగా తగిలింది. నేను కోయబోయేది ఎనిమిది మిల్లీమీటర్ల మందం లామినేట్, అంటే నొక్కిన చెక్కపొడి మీద చెక్క డిజైన్ పొర అతికించిన నేల పలక.

ఎనిమిది మిల్లీమీటర్లు! దానికి పన్నెండు అంగుళాల బ్లేడ్ ఎందుకు?

ఈ పనిలో కోతలు నిజానికి ఏమిటో, ఎన్నో చూద్దాం. పది బై పన్నెండు బెడ్‌రూమ్ తీసుకోండి. మన దగ్గర ఎక్కువగా నడిచే లామినేట్ పలక పొడవు సుమారు 1215, వెడల్పు 195 మి.మీ. పన్నెండడుగుల పొడవు వెంట పరిస్తే పదడుగుల వెడల్పుకు పదహారు వరసలు పడతాయి. వరస చివర కోసిన ముక్కలో మిగిలింది తర్వాతి వరసకు మొదలవుతుంది కాబట్టి, అడ్డకోతలు ఇరవై, ముప్పై లోపు. ఆ కోసిన చివరలు ఎక్కడికి పోతాయి? గోడ దగ్గర ఎనిమిది, పది మి.మీ. ఖాళీ వదులుతాం, చెక్క వానాకాలం ఉబ్బడానికి, ఆ ఖాళీ మీద స్కర్టింగ్, అంటే గోడ అడుగున కొట్టే పట్టీ, వచ్చి కూర్చుంటుంది. అంటే మీరు ఎంత సూటిగా కోశారన్నది, గుమ్మం దగ్గర తప్ప, ఈ ఇంట్లో ఎవరికీ ఎప్పటికీ కనపడదు. అర మి.మీ. వంకర పోయినా స్కర్టింగ్ దాచేస్తుంది. తేలిక మిషన్లు తల పూర్తిగా ముందుకు లాగినప్పుడు కొంచెం ఊగుతాయని అంటారే, నిజమే, ఊగుతాయి. ఊగనివ్వండి. ఫర్నిచర్ చేసేవాడికి అది ప్రాణం మీదికొచ్చే సంగతి, ఫ్లోరింగ్ వాడికి కాదు.

అదే గదిలో చివరి వరస సంగతి ఇంకోటి. పదిహేను వరసలు నిండు పలకలు పోతే మిగిలేది నూటమూడు మి.మీ. వెడల్పు. ఆ పలకల్ని నిలువునా చీల్చాలి. మైటర్ సా ఎంత గొప్పదైనా నిలువు కోత కోయదు, దానికి సర్క్యులర్ సానో చిన్న టేబుల్ సానో కావాలి. గుమ్మం ఫ్రేమ్ చుట్టూ తొలవడానికి సన్న బ్లేడ్‌తో వంపులు కోసే జిగ్‌సా. అంటే మైటర్ సా అనేది మీరు మోసుకెళ్లే మూడు నాలుగు మిషన్లలో ఒకటి మాత్రమే, పైన పలకల పెట్టెలు ఉండనే ఉన్నాయి. దానికొక్కదానికే మనిషీ ఆటో కేటాయించి మిగతావి ఎవరు మోయాలి?

మరి స్లైడింగ్ మాత్రం ఎందుకు, ఇంకా తేలికైన మామూలు చాప్ మిషన్, తల కిందికి దిగడమే తప్ప జరగనిది, చాలదా అంటే, చాలదు. మకిటా ఎల్ఎస్ 1040 అని పదంగుళాల మిషన్ ఉంది, 11 కిలోలే, మంచి మిషన్. స్లైడ్ లేదు కాబట్టి ఒక్క కోతలో 130 మి.మీ. వెడల్పు దాకానే కోస్తుంది. పలక 195. సగం కోసి, తిప్పి పెట్టి, మిగతా సగం కోయాలి. రెండు కోతలు కలిసే చోట చిన్న మెట్టు మిగులుతుంది, అది స్కర్టింగ్ కిందికి పోతుందిలే అనుకున్నా, గదికి ముప్పై కోతలు అరవై అవుతాయి. ఇంకా పెద్ద ఇబ్బంది, తిప్పే తొందరలో బ్లేడ్ ఆగకముందే చెయ్యి అటువైపు పోతుంది.

ఇక్కడే 216 మి.మీ. బ్లేడ్ ఉన్న స్లైడింగ్ మిషన్లు, అంటే ఎనిమిదిన్నర అంగుళాలవి, ఫ్లోరింగ్ వాళ్ల కోసమే కొలిచి చేసినట్టుంటాయి. మకిటా ఎల్ఎస్ 0815ఎఫ్ఎల్ పద్నాలుగు కిలోల పైచిలుకు, 1400 వాట్లు, 305 మి.మీ. వెడల్పు కోస్తుంది. బాష్ జీసీఎమ్ 8 ఎస్‌జేఎల్ 17.3 కిలోలు, 1600 వాట్లు, 312 మి.మీ. పలకను నలభై అయిదు డిగ్రీల్లో కోసినప్పుడు బ్లేడ్ నడవాల్సిన దూరం 276 మి.మీ. అవుతుంది, గది ఐమూలగా పరిచే ఓనర్లకు ఇది కావాలి, అదీ సరిపోతుంది. ఇంకా వెడల్పున్న 240 మి.మీ. ఇంజనీర్డ్ ఉడ్ (ప్లైవుడ్ లాంటి దాని మీద అసలు చెక్క పొర అతికించిన) పలకలైతే అడ్డంగా కోయొచ్చు కానీ ఐమూలకు చాలదు. నా పన్నెండేళ్ల పనిలో అలాంటి వెడల్పు పలకల్ని ఐమూలగా పరచమన్న ఓనర్ ఒక్కడే. ఆ ఒక్కడి కోసం మిగతా అందరి ఇళ్లకూ పది కిలోలు అదనంగా మోయాలా?

పద్నాలుగు కిలోలంటే ఎంతో తెలుసా, దాదాపు ఒక లామినేట్ పెట్టె. పెట్టెలు ఎలాగూ ఒక్కోడు రెండేసి మోస్తున్నాడు. అందుకే ఇప్పుడు మా దగ్గర మిషన్ ఎవరు తేవాలన్న గొడవే లేదు.

నేనిలా రాస్తుంటే కొందరు నవ్వుకుంటారని తెలుసు. మైటర్ సానే దండగ, నాలుగంగుళాల కట్టర్‌తో ఇల్లంతా కోసేస్తాం అంటారు. హైదరాబాద్‌లో తేలిక మిషన్‌కు అసలు పోటీ పెద్ద మిషన్ కాదు, మార్బుల్ కట్టర్. రాయి కోయడానికి పుట్టిన దానికి చెక్క బ్లేడ్ తగిలించి, అడ్డమొస్తోందని గార్డ్ పీకేసి, పలకను పాదం కింద నొక్కిపెట్టి చెప్పుల కాళ్లతో కోస్తారు. నేనూ కోశాను, నాలుగేళ్లు. అది నిమిషానికి పది వేల చుట్లకు పైగా తిరుగుతుంది, మైటర్ సా అయిదు వేల దగ్గర ఉంటుంది. చెక్కలో పట్టేసిందంటే కట్టర్ వెనక్కి తంతుంది, వెనక ఉన్నది మన పాదమో తొడో. మా దగ్గర పనిచేసిన ఒక కుర్రాడి ఎడమ చూపుడు వేలు సగం దాకా తెగింది. కుట్లు వేశారు, వేలు నిలిచింది, కానీ ఇప్పటికీ చొక్కా గుండీ ఆ చేత్తో పెట్టుకోలేడు. ఆ తర్వాత కట్టర్‌ను చెక్క మీద పెట్టనివ్వలేదు. బరువు మాట నేను ఇంతగా పట్టుకోవడానికి ఇదీ ఒక కారణం: పెద్ద మిషన్ కొంటే మోయలేక ఇంట్లో పెట్టి, "చిన్న పనే కదా" అని మళ్లీ కట్టర్ సంచీలో వేసుకుంటాం. నేను అదే చేశాను. వారంలో మూడు రోజులు పన్నెండంగుళాలది ఇంట్లోనే పడుండేది.

స్లైడింగ్‌కు అలవాటు పడని చేతికి అదీ ప్రమాదమే, కాదనను. మొదటి రోజు నేను బ్లేడ్ తిరుగుతుండగా చెక్కలోకి దింపి నా వైపు లాగాను, రంపం అంటే లాగేదేగా అనుకుని. తల ఒక్క ఎగురు ఎగిరి నా పొట్ట దాకా వచ్చింది. బ్లేడ్ కింది పళ్లు ఫెన్స్ (పలకను ఆనించే వెనక అడ్డం) వైపు పరుగెత్తుతుంటాయి, మనం లాగితే అవి పలక మీదికి ఎక్కి మన మీదికే వస్తాయి. ముందు తలను ఖాళీగా మన వైపు లాక్కుని, స్విచ్ నొక్కి, కిందికి దింపి, అప్పుడు ఫెన్స్ వైపు తొయ్యాలి. కొత్తవాడికి ఇదొక్కటి నేర్పకుండా మిషన్ చేతికివ్వకండి.

స్కర్టింగ్ సంగతి వేరు, దాన్ని దాచడానికి దాని మీద ఇంకేమీ రాదు. ఫ్లోరింగ్ బాగుందో లేదో ఓనర్ చూసేది మూలల్లో. ఓనరు గారి అత్తగారు ఉంటే ఇంకా దగ్గరికి వంగి చూస్తారు. చిన్న మిషన్‌కు ఇక్కడ ఒక నిజమైన లోటుంది. 216 బ్లేడ్ లోతు అరవై అయిదు, డెబ్భై మి.మీ. దాకానే పోతుంది, స్కర్టింగ్ ఎత్తు ఎనభయ్యో వందో. ఫెన్స్‌కు ఆనించి నిలబెట్టి కోయలేం. పలకలా పడుకోబెట్టి, తలను నలభై అయిదుకు వంచి కోయాలి. ఈ మిషన్లు తలను ఎడమకే అంతగా వంచుతాయి, కుడికి నామమాత్రం. కాబట్టి ఒక చివరకు స్కర్టింగ్ పై అంచును ఫెన్స్‌కు ఆనించి కోస్తే, రెండో చివరకు కింది అంచును ఆనించి కోయాలి. మొదటి వారం తల తిరిగిపోతుంది, మూడు ముక్కలు తిరగేసి కోసి పారేస్తారు. నేను మిషన్ బల్ల మీద మార్కర్‌తో రాసుకున్నాను, ఏ మూలకు ఏ అంచు అని. రాత చెరిగిపోయే లోపు చేతికి అలవాటయింది.

పైగా మన ఇళ్లలో మూలలు తొంభై డిగ్రీలని ఎవరన్నారు? గుణ్యా (మూలమట్టం) పెట్టి చూడండి, ఒకటి ఎనభై తొమ్మిది, ఇంకోటి తొంభై రెండు, ప్లాస్టరింగ్ మేస్త్రీ ఆ రోజు ఎలా ఉంటే అలా. నలభై అయిదు దగ్గర టక్కున పడి కూర్చునే గాడి చూడ్డానికి ముద్దుగా ఉంటుంది, పనికి అడ్డం. మనకు కావాల్సింది ఒక మూలకు నలభై అయిదున్నర, ఇంకో మూలకు నలభై నాలుగు. ఆ గాడి నుంచి పక్కకు అర డిగ్రీ జరిపి బిగిస్తే మళ్లీ గాట్లోకి జారిపోని మిషన్ ఏదో అది కొనండి. షాపులో ఇది చూపించమంటే విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఇంతకీ ఈ పెద్ద మిషన్ల మోజు ఎక్కడి నుంచి వచ్చిందంటే, నా అనుమానం యూట్యూబ్ మీద. మనం చూసే రివ్యూలు ఎక్కువగా అమెరికా గ్యారేజీల్లో తీసినవి. మా బాబాయి కొడుకు డాలస్‌లో సొంతిల్లు కొని తనే ఫ్లోరింగ్ వేసుకున్నాడు, వీడియో కాల్‌లో చూపించాడు: కారు బయట పెట్టి, గ్యారేజీలో చక్రాల స్టాండ్ మీద మిషన్, పక్కన వ్యాక్యూమ్, పైన ఫ్యాన్. ఇంటి పని అయ్యేదాకా ఆ మిషన్ అక్కడి నుంచి కదల్లేదు. అక్కడ బరువుంటే మంచిదే, కదలకుండా కూర్చుంటుంది. వాడి తీర్పు వాడి గ్యారేజీకి సరైనదే. నాకు గ్యారేజీ లేదు. నా మిషన్ పొద్దున నార్సింగిలో, మధ్యాహ్నం మణికొండలో ఉండాలి.

కరెంటు మాట రివ్యూల్లో అసలు రాదు. 1400 వాట్ల మిషన్ మన 230 వోల్టుల మీద ఆరు ఆంపియర్లు తాగుతుంది, స్టార్ట్ అయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. సైటులో ఉండేది పెయింటర్లు, ఎలక్ట్రీషియన్లు, మనం అందరం కలిసి వాడే ఒక్క ఎక్స్‌టెన్షన్ బాక్స్, దానికి సన్నటి ఎరుపు నలుపు వైరు. ఆరు ఆంపియర్ల సాకెట్‌లో పెట్టకండి, గీజర్ పాయింట్‌కో ఏసీ పాయింట్‌కో పెట్టుకోండి, సొంతంగా మందపాటి వైరు చుట్ట ఒకటి తెచ్చుకోండి. పెద్ద మిషన్‌తో నేను ట్రిప్ చేసిన ఎంసీబీలు లెక్కలేదు, పెయింటర్లతో మాటలు పడ్డది దానికే. బ్యాటరీ మిషన్లు ఈ బాధ లేకుండా చేస్తాయి, బరువూ తక్కువే, కానీ ఇప్పటికే ఆ కంపెనీ బ్యాటరీలు మీ దగ్గర నాలుగైదు ఉంటే తప్ప ఆ ఖర్చు నాకైతే గిట్టలేదు.

కోత ఎక్కడ పడుతుందో చూపించే లేజర్ గీత చూసి కొనకండి. ఎండ పడే బాల్కనీలో అది కనపడదు, ఆర్నెల్లకు పక్కకు జరుగుతుంది. ఆ డబ్బు బ్లేడ్ మీద పెట్టండి. లామినేట్ పైపొరలో అల్యూమినియం ఆక్సైడ్ ఉంటుంది, ఉప్పుకాగితానికి వాడే సరుకే అది, అందుకే గీతలు పడదు, అందుకే బ్లేడ్ పళ్లను తినేస్తుంది. మిషన్‌తో వచ్చే బ్లేడ్ చెక్కకు చేసింది, పళ్లు తక్కువ. అరవై పళ్ల కార్బైడ్ బ్లేడ్, లామినేట్‌కని అడిగి తీసుకోండి. రెండు ఇళ్లయ్యాక అంచులు పొరలు లేస్తుంటే మిషన్‌ను తిట్టకండి, బ్లేడ్ మార్చండి. గుమ్మం దగ్గర కనపడే కోతకు కొత్త బ్లేడ్ వాడండి, గీత మీద మాస్కింగ్ టేప్ వేయండి, ముందు ఒక పారేసే ముక్కను రెండు వైపులా తిప్పి కోసి ఏ వైపు శుభ్రంగా వస్తోందో చూసుకోండి. ఎస్‌పీసీ (రాతిపొడి, ప్లాస్టిక్ కలిపి చేసిన) పలకలైతే అసలు రంపమే వద్దు, కత్తితో గీత పెట్టి విరిస్తే బిస్కెట్‌లా విరుగుతుంది. అందులో ఉండేది సున్నపురాయి పొడి, మంచి బ్లేడ్‌ను ఒక్క గదితో మొద్దు చేస్తుంది.

దుమ్ము దగ్గర మాత్రం తేలికా బరువూ తేడా లేదు, రెండూ దొందూ దొందే. మిషన్‌కు తగిలించే గుడ్డ సంచీలో పడేది పడుతుంది, మిగతాదంతా మన ముక్కులోకి, ఓనర్ కొత్త కర్టెన్లలోకి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క పొడిని మనుషులకు క్యాన్సర్ తెచ్చేవాటిలో 1995లోనే చేర్చింది. మనం చేతిరుమాలు కట్టుకుని అదే జాగ్రత్త అనుకుంటున్నాం. బాల్కనీలో పెట్టి కోస్తే సగం బాధ తీరుతుంది. బాల్కనీలోకి మిషన్‌ను పొద్దున ఒకసారి, వాన చినుకు పడితే లోపలికి ఒకసారి, మళ్లీ బయటికి ఒకసారి జరపాలి, పద్నాలుగు కిలోలదాన్నయితే జరుపుతాం, ముప్పై కిలోలదాన్ని హాల్లో ఎక్కడ పెట్టామో అక్కడే ఉంచి తలుపు మూసేస్తాం. నేను అలాగే చేసేవాణ్ని. ఆ హాల్లో పడుకున్న రాత్రులు మా బావమరిది దగ్గుతూనే ఉండేవాడు.

షాపులో చేయాల్సిన పని ఒకటుంది, కొంచెం సిగ్గనిపించినా చేయండి. తలను లాక్ చేయించి, ఒక్క చేత్తో పట్టుకుని షాపు మెట్లు దిగి, మళ్లీ ఎక్కండి. పట్టుకునే చోటు బరువు మధ్యలో లేకపోతే మిషన్ ఒక పక్కకు వాలి తొడకు కొట్టుకుంటుంది, కాగితం మీద పద్నాలుగు కిలోలున్నా చేతికి ఇరవైలా తగులుతుంది. తర్వాత తలను పూర్తిగా ముందుకు లాగి, పిడి పట్టుకుని అటూ ఇటూ కదిపి చూడండి. కొంచెం ఊగితే పర్లేదన్నాను, లొడలొడ మంటే మాత్రం వద్దు. నేను ఎనిమిదిన్నర అంగుళాలది కొనబోతే షాపాయన నన్ను చూసి, "అన్నా, పదంగుళాలది తీసుకో, లైఫ్ ఉంటుంది" అన్నాడు. "దాని లైఫ్ సంగతి సరే, నా నడుం లైఫ్ ఎవరిస్తారు" అన్నాను. ఆయన నవ్వి టీ తెప్పించాడు కానీ పైసా తగ్గించలేదు.

పాత పన్నెండంగుళాలది కూకట్‌పల్లిలో డోర్‌ఫ్రేములు చేసే ఒక కార్పెంటర్‌కు అమ్మేశాను. బల్లకు బోల్టులతో బిగించేశాడు, దాని జన్మ ఇప్పుడు ధన్యమయింది, టేకు చెక్కలు కోస్తోంది.

కుర్రాడు నిన్న మళ్లీ ఫోన్ చేశాడు, ఎనిమిదిన్నర అంగుళాలది తీసుకున్నాడట, యాక్టివా మీద పట్టింది కానీ బ్రేక్ వేసినప్పుడల్లా తల జరిగే రాడ్లు మోకాలికి తగులుతున్నాయట. అడ్డంగా కాదురా, తల నీ వైపు తిప్పి పెట్టి సైకిల్ ట్యూబుతో కట్టు అని చెప్పాను. నాకు రేపు కోకాపేటలో పదకొండో అంతస్తు. సర్వీస్ లిఫ్ట్ నడుస్తోందని ఓనర్ అంటున్నాడు, చూడాలి.